ఏఆర్-15 వార్తలంటే తుపాకీ యజమానులకు ఎందుకంత కోపం? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో కాల్పుల వార్త వచ్చిన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళు టీవీ చూసి ఫోన్ చేసి అడుగుతారు. ఇక్కడ టెక్సాస్‌లో కొత్తగా ఇల్లు కొనుక్కున్న స్నేహితులు పక్కింటివాళ్ళ గ్యారేజీలో తుపాకుల బీరువా చూసి వచ్చి అడుగుతారు. నా దగ్గర తుపాకీ లేదు. తుపాకీ ఉన్న స్నేహితులు, ఆఫీసులో తోటివాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు. వార్తల మీద వాళ్ళ కోపం ఏమిటో వాళ్ళ నోటే విన్నాను. ఆ కోపంలో చాలావరకు న్యాయముంది, కొంత లేదు. ఏది ఏమిటో దాచుకోకుండా రాశాను. ఏ జవాబుకు ఆ జవాబే, కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళండి.

## వార్త చదివే ముందు: అసలు ఆ తుపాకీ ఏమిటి

ఏఆర్-15 అనే రైఫిల్ పేరులో ఏఆర్ అంటే అసాల్ట్ (దాడి) రైఫిలేగా?

కాదు. అది ఆర్మలైట్ అనే కంపెనీ తన నమూనాలకు పెట్టుకున్న గుర్తు. యూజీన్ స్టోనర్ అనే ఇంజినీరు 1950లలో ఆ కంపెనీలో ఉండగా దీన్ని రూపొందించాడు. 1959లో ఆర్మలైట్ హక్కులను కోల్ట్‌కు అమ్మేసింది. సైన్యానికి వెళ్ళిన రకం ఎం-16 అయింది. మామూలు జనం కొనుక్కునే సెమీ ఆటోమేటిక్ రకాన్ని కోల్ట్ 1960ల మధ్యలో అమ్మకానికి పెట్టింది. 1977లో పేటెంట్ల గడువు తీరాక మిగతా కంపెనీలూ తయారీకి దిగాయి. అందుకే వార్తలో 'ఏఆర్-15' అని కనబడితే అది ఒక కంపెనీ సరుకు అనుకోనక్కర్లేదు. ఎన్నో కంపెనీలు చేసే ఒకే తరహా రైఫిల్ అది. యజమానులు విలేకరులను మొట్టమొదట తప్పుపట్టేది ఈ రెండక్షరాల దగ్గరే.

సెమీ ఆటోమేటిక్ అన్నా ఆటోమేటిక్ అన్నా గబగబా పేలేదేగా, తేడా ఏముంది?

ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటానే. మళ్ళీ కాల్చాలంటే వదిలి మళ్ళీ నొక్కాలి. తర్వాతి తూటాను ఎక్కించుకునే పని మాత్రం తుపాకీ తనే చేసుకుంటుంది. ఇది సెమీ ఆటోమేటిక్. నొక్కి పట్టుకున్నంతసేపూ పేలుతూనే ఉంటే అది ఆటోమేటిక్, అంటే మెషిన్ గన్. అమెరికాలో మెషిన్ గన్ల మీద 1934 నుంచే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. 1986 మే తర్వాత తయారైన మెషిన్ గన్ను మామూలు పౌరుడు కొనడానికే లేదు. దుకాణంలో దొరికే ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్. చట్టం ఇన్ని దశాబ్దాలుగా వేరుగా చూస్తున్న రెండు వస్తువులను టీవీ ఒకటి చేసేస్తోందని యజమానుల ఫిర్యాదు. అది న్యాయమైన ఫిర్యాదే. అయితే 'సెమీ' అన్నంత మాత్రాన నెమ్మది అనుకోవద్దు. 30 తూటాల మ్యాగజైన్ ఖాళీ కావడానికి నిమిషం కూడా పట్టదు.

మరి లాస్ వేగాస్‌లో మెషిన్ గన్ లాగే వినబడిందిగా?

వినబడింది. 2017 అక్టోబరు 1 రాత్రి హోటల్ గదిలోంచి కాల్చినవాడు తన రైఫిళ్ళకు బంప్ స్టాక్‌లు తగిలించాడు. తుపాకీ వెనక్కి తన్నే కదలికనే వాడుకుని, ట్రిగ్గర్‌కు వేలు మళ్ళీ మళ్ళీ తగిలేలా చేసే పరికరం అది. 60 మంది చనిపోయారు. 2018 చివర్లో ట్రంప్ ప్రభుత్వం వాటిని మెషిన్ గన్ల కింద లెక్కగట్టి నిషేధించింది. చట్టంలో ఉన్న నిర్వచనంలోకి అవి రావంటూ 2024 జూన్‌లో సుప్రీంకోర్టు 6-3తో ఆ నిబంధనను కొట్టేసింది. ఆ ఒక్క రాత్రితో ఏఆర్-15 అంటే జనానికి ఆ శబ్దమే గుర్తుండిపోయిందని యజమానులు బాధపడతారు. ఆ వీడియోలు విన్నవాళ్ళకు అలా గుర్తుండిపోవడంలో తప్పేమీ లేదు.

సైన్యం వాడేదీ ఇదీ ఒకటేనంటారు. అది అబద్ధమా?

సగం నిజం. రెండూ ఒకే నమూనా నుంచి వచ్చాయి, రూపం ఒకటే, తూటా పరిమాణం దాదాపు ఒకటే, చాలా విడిభాగాలు దానివి దీనికి సరిపోతాయి. సైన్యం వాడే ఎం-16, ఎం-4లలో వరసగా పేలే ఏర్పాటు అదనంగా ఉంటుంది, దుకాణంలో అమ్మేదానిలో ఉండదు. ఈ తేడాను పత్రికలు వదిలేస్తే యజమానులకు కోపం వస్తుంది. "సైన్యం తుపాకీకీ దీనికీ ఏ సంబంధమూ లేదు" అని వాళ్ళు వాదిస్తే మాత్రం నేను ఒప్పుకోను. సైనికులు కూడా గురి చూసి ఒక్కో తూటాగా కాల్చడమే ఎక్కువ. పైగా 1980లలో తుపాకీ వ్యాపారమూ, తుపాకీ పత్రికలూ 'అసాల్ట్' అనే మాటను అమ్మకాల కోసం ఇష్టంగానే వాడుకున్నాయి. దాని బదులు తుపాకీ పరిశ్రమ సంఘం ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ 'మోడర్న్ స్పోర్టింగ్ రైఫిల్' (ఆధునిక క్రీడా రైఫిల్) అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది 2009లో.

దాని తూటా అంత ప్రమాదకరమా? వేట తుపాకీ తూటా ఇంకా పెద్దదని మా కొలీగ్ అంటాడు.

మీ కొలీగ్ చెప్పింది నిజమే. ఏఆర్-15లో మామూలుగా వాడే .223 తూటా బరువు మూడున్నర గ్రాములకు కాస్త ఎక్కువ, శక్తి సుమారు 1,700 జౌళ్ళు. జింకలను వేటాడే .30-06 శక్తి అంతకు రెట్టింపు పైన ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో జింకల వేటకు .223 చాలదని అనుమతే ఇవ్వరు. అందుకే వార్తల్లో 'హై పవర్డ్' అని చదివినప్పుడు యజమానులు ఆశ్చర్యపోతారు.

కానీ డాక్టర్లు చెప్పేదీ నిజమే. ఆసుపత్రికి రోజూ వచ్చే తుపాకీ గాయాల్లో ఎక్కువ పిస్టల్ గాయాలు. 9 ఎంఎం పిస్టల్ తూటా శక్తి 500 జౌళ్ళ దగ్గర ఉంటుంది, వేగం సెకనుకు 350, 400 మీటర్ల మధ్య. ఏఆర్-15 తూటా సెకనుకు 900 మీటర్లకు పైగా దూసుకొస్తుంది, లోపలి అవయవాలను చీల్చేస్తుంది. యజమాని వేట రైఫిల్‌తో పోలుస్తున్నాడు, డాక్టరు పిస్టల్‌తో పోలుస్తున్నాడు. దేనితో పోల్చి రాస్తున్నదీ విలేకరి ఒక్క మాటలో చెబితే ఈ తగాదా చాలావరకు తగ్గుతుంది.

## మొదటి గంటల్లో: బ్రేకింగ్ న్యూస్

ముందు ఏఆర్-15 అంటారు, రెండు రోజుల తర్వాత కాదంటారు. ఎందుకలా?

పోలీసులు చెప్పేదాకా ఆగకపోవడం వల్ల. 2013 సెప్టెంబరు 16న వాషింగ్టన్ నేవీ యార్డ్‌లో కాల్పులు జరిగినప్పుడు ఏఆర్-15 వాడారని పెద్ద పెద్ద సంస్థలే చెప్పాయి. తీరా అది షాట్‌గన్. ఆ తర్వాత గార్డు దగ్గర లాక్కున్న పిస్టల్ కూడా వాడాడు. ఏఆర్-15 లేనే లేదు. అప్పటికే న్యూయార్క్ డైలీ న్యూస్ మొదటి పేజీలో ఆ రైఫిల్ పేరు వచ్చేసింది. 2016 జూన్‌లో ఓర్లాండో నైట్‌క్లబ్‌లో 49 మంది చనిపోయినప్పుడూ మొదట ఏఆర్-15 అన్నారు, తర్వాత అది సిగ్ సావర్ ఎంసీఎక్స్ అని తేలింది.

ఈ రెండు తప్పులూ ఒకటి కావు. ఓర్లాండోలో వాడింది వేరే మోడల్ అయినా అదీ సెమీ ఆటోమేటిక్ రైఫిలే, పనిచేసే తీరు చూసేవాడికి తేడా కనబడదు. నేవీ యార్డ్ తప్పు అలాంటిది కాదు. అక్కడ లేని తుపాకీని ఉన్నట్టు రాశారు. యజమానులు రెండింటినీ ఒకే గాటన కట్టి చెప్పినప్పుడు నేను ఈ తేడా అడుగుతాను.

క్లిప్ కాదు మ్యాగజైన్ అంటూ మాటలు పట్టుకుంటారేం? మనుషులు చచ్చిపోతే ఇదా ముఖ్యం?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, ఎక్కువ కోపంగా అడిగేదీ ఇదే.

ముందు విషయం: మ్యాగజైన్ అంటే తుపాకీకి తగిలించే తూటాల పెట్టె, లోపలి స్ప్రింగు ఒక్కో తూటాను పైకి నెడుతుంది. క్లిప్ అంటే తూటాలను ఒక కట్టగా పట్టి ఉంచే లోహపు పట్టీ. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్ సైనికులు వాడిన ఎం-1 గారాండ్‌లో ఎనిమిది తూటాల క్లిప్ వాడేవారు. ఏఆర్-15కు వాడేది మ్యాగజైన్.

ఇక దీని మీద ఎందుకంత పట్టింపు అంటే, క్రికెట్ రాసే విలేకరి నోబాల్‌కూ వైడ్‌కూ తేడా తెలియకుండా రాస్తే, అతను ఆ మ్యాచ్ గురించి చెప్పిన మిగతా మాటలను మనం ఎంతవరకు నమ్ముతాం? యజమాని కూడా అలాగే ఆలోచిస్తాడు. ఇంత చిన్న విషయం కనుక్కోనివాడు చట్టం గురించి, నా గురించి కనుక్కుని ఉంటాడా అని అనుమానిస్తాడు. తను ఏళ్ళుగా జాగ్రత్తగా వాడుతున్న వస్తువు గురించి, దాన్ని ఒక్కసారీ చేత్తో పట్టుకోనివాళ్ళు తీర్పులు చెబుతున్నారనే బాధ కూడా ఉంటుంది. ఆ బాధ నాకు అర్థమవుతుంది.

కానీ ఇదే పట్టింపును ఎదుటివాళ్ళ నోరు మూయించడానికి వాడటం కూడా చూశాను. బిడ్డను పోగొట్టుకున్న తల్లి టీవీలో క్లిప్ అన్నంత మాత్రాన ఆమె మాట చెల్లకుండా పోదు. విలేకరి జీతం తీసుకుని రాస్తాడు కాబట్టి అతన్ని సరిదిద్దాలి. ఆ తల్లి మాట విని ఊరుకోవాలి. ఈ రెండూ వేరని నా స్నేహితుల్లో చాలామంది ఒప్పుకుంటారు.

యజమానులు ఇప్పటికీ చెప్పుకునే పత్రికల పొరపాట్లు ఏవి?

రెండు బాగా ప్రచారంలో ఉన్నాయి. 2017 నవంబరులో టెక్సాస్‌లోని సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చి కాల్పుల తర్వాత యూఎస్ఏ టుడే ఒక గ్రాఫిక్ వేసింది. హంతకుడు వాడిన తరహా రైఫిల్‌కు ఏమేం తగిలించవచ్చో అందులో చూపిస్తూ, రంపపు బయొనెట్‌ను (తుపాకీ ముందు బిగించేదాన్ని) కూడా చేర్చింది. అలాంటిది వినోదం కోసం తయారై ఉండొచ్చు కానీ నేరాల్లో దాని ఊసే లేదు. హంతకుడు వాడాడని తమ ఉద్దేశం కాదని ఆ పత్రిక తర్వాత వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

ఇంకొకటి 2016 జూన్‌లో న్యూయార్క్ డైలీ న్యూస్ విలేకరి ఒకరు రేంజ్‌లో (తుపాకీ సాధన చేసే చోట) ఏఆర్-15 కాల్చి రాసిన కథనం. భుజం కమిలిందని, కాసేపు మానసిక ఆఘాతంలాంటిది కలిగిందని ఆయన రాశారు. ఈ రైఫిల్ వెనక్కి తన్నే జోరు చాలా తక్కువని, అందుకే కొత్తవాళ్ళూ సులువుగా వాడతారని తెలిసినవాళ్ళకు అది నమ్మశక్యంగా అనిపించలేదు. శబ్దం మాత్రం నిజంగానే పెద్దది.

## తర్వాతి రోజుల్లో: అంకెలు, పేర్లు, ఫోటోలు

రైఫిళ్ళ వల్ల చనిపోయేవాళ్ళు చాలా తక్కువంటారు, నమ్మొచ్చా?

ఎఫ్‌బీఐ లెక్కలు అలాగే ఉన్నాయి. 2019లో ఆయుధ వివరాలు అందిన 13,927 హత్యల్లో హ్యాండ్‌గన్లతో (పిస్టల్, రివాల్వర్ లాంటి చేతి తుపాకులతో) జరిగినవి 6,368, అన్ని రకాల రైఫిళ్ళతో కలిపి 364. కత్తులతో 1,476, వట్టి చేతులతో కాళ్ళతో 600. యజమానులు ఈ పట్టికను ప్రతి చర్చలో చూపిస్తారు. ఒక సంగతి మాత్రం సాధారణంగా చెప్పరు: అదే పట్టికలో 3,281 హత్యలకు ఏ రకం తుపాకీ వాడారో నమోదే కాలేదు. వాటిలో కొన్ని రైఫిళ్ళూ ఉండి ఉంటాయి. అయినా హ్యాండ్‌గన్లదే పెద్ద వాటా అనే నిజం మారదు.

అయితే పెద్ద ఘోరాలన్నీ ఈ రైఫిల్‌తోనే ఎందుకు జరుగుతున్నాయి?

అన్నీ కాదు. 2007లో వర్జీనియా టెక్‌లో 32 మందిని చంపినవాడి దగ్గర ఉన్నవి రెండు పిస్టళ్ళే. సామూహిక కాల్పుల్లో కూడా ఎక్కువ సార్లు కనబడేది హ్యాండ్‌గనే. కానీ ఇటీవలి కాలంలో ఎక్కువమందిని బలిగొన్న ఘటనలను చూడండి: 2012 శాండీ హుక్ స్కూలు, 2017 లాస్ వేగాస్, అదే ఏడాది సదర్లాండ్ స్ప్రింగ్స్, 2018 పార్క్‌లాండ్, 2022 ఉవాల్డే. అన్నిటిలోనూ సెమీ ఆటోమేటిక్ రైఫిలే. ఉవాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. శాండీ హుక్‌లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు. "ఏడాది మొత్తం లెక్కలో ఇది చాలా చిన్నది" అనే వాదన లెక్కగా సరైనదే. పత్రికలు ఈ తుపాకీ మీదే ఎందుకు నిలబడతాయో మాత్రం ఆ లెక్కతో తెలియదు. ఒకే స్కూల్లో అంతమంది పిల్లలు పోతే ఏ దేశంలోనైనా వార్త దాని చుట్టూనే తిరుగుతుంది.

ఏడాదికి 600 మాస్ షూటింగులని ఒకరు, 48 అని ఒకరు. ఏది నిజం?

రెండూ. గన్ వయొలెన్స్ ఆర్కైవ్ అనే సంస్థ లెక్కలో కాల్చినవాడు కాక నలుగురికి తూటా తగిలితే చాలు, ఎవరూ చనిపోకపోయినా అది మాస్ షూటింగే. ఆ లెక్కన 2023లో 600కు పైగా జరిగాయి. బహిరంగ ప్రదేశంలో ఒకడు జనాన్ని చంపాలని బయలుదేరిన ఘటనలను ఎఫ్‌బీఐ వేరే పద్ధతిలో లెక్కిస్తుంది. 2023కు ఆ అంకె 48. మొదటి లెక్కలో గ్యాంగు గొడవలు, పార్టీల్లో తగాదాలు కూడా ఉంటాయి. వాటిలో ఎక్కువగా వాడేది పిస్టల్. 600 అనే అంకె పక్కన ఏఆర్-15 బొమ్మ వేస్తే చదివేవాడు పొరబడతాడన్నది యజమానుల ఫిర్యాదు, అది నిజం కూడా.

వార్తల్లో అసలు రాని తుపాకీ మరణాలు ఉన్నాయంటారు. ఏవి?

ఆత్మహత్యలు. 2021లో అమెరికాలో తుపాకులతో 48,830 మంది చనిపోతే అందులో 26,328 ఆత్మహత్యలే.

'అసాల్ట్ వెపన్' అనే మాట వాడొద్దని ఎందుకు పట్టుబడతారు?

ఆ మాటకు యంత్రం పనితీరును బట్టి అర్థం లేదు. చట్టం ఎలా రాస్తే అలా మారుతుంది. 1994 ఫెడరల్ నిషేధంలో మ్యాగజైన్ మార్చుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పిస్టల్ తరహా పిడి, మడిచే స్టాక్ (భుజానికి ఆనించే వెనుక భాగం), బయొనెట్ బిగించే కొక్కెం లాంటి లక్షణాల్లో రెండు ఉంటే నిషేధం, ఒకటి తీసేస్తే అదే తుపాకీ చట్టబద్ధం. దీన్ని యజమానులు ఎప్పుడూ ఎత్తిచూపుతారు.

వాళ్ళు మరిచిపోనిది ఇంకొకటి ఉంది. తుపాకీ నియంత్రణ కోరే వయొలెన్స్ పాలసీ సెంటర్ వ్యవస్థాపకుడు జాష్ షుగర్‌మన్ 1988లో ఒక పత్రం రాశాడు. ఈ తుపాకుల భయపెట్టే రూపం, మెషిన్ గన్లకూ సెమీ ఆటోమేటిక్‌లకూ మధ్య జనంలో ఉన్న గందరగోళం నిషేధానికి మద్దతు పెంచుతాయని అందులో అన్నాడు. అంటే గందరగోళం ఉందని తెలిసే వాడుకున్నారన్నమాట. పత్రికలు ఆ గందరగోళాన్ని సరిదిద్దకుండా మోశాయన్నది వాళ్ళ ఆరోపణ. 2022 జూలైలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ తన స్టైల్‌బుక్ (విలేకరులు ఏ మాట ఎలా వాడాలో చెప్పే పుస్తకం) మార్చింది. 'అసాల్ట్ వెపన్', 'అసాల్ట్ రైఫిల్' అనే మాటలు రాజకీయమైపోయాయి కనుక మానుకుని 'సెమీ ఆటోమేటిక్ రైఫిల్' అని రాయమంది. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. రాష్ట్ర చట్టాల్లో ఆ మాట ఉన్నచోట చట్టం పేరుగా రాయక తప్పదు.

హంతకుడి ఫోటో పదే పదే వేయడం మీద యజమానులు ఏమంటారు?

వద్దంటారు. ఈ ఒక్క విషయంలో బాధిత కుటుంబాలదీ వాళ్ళదీ ఒకే మాట. 2012 అరోరా థియేటర్ కాల్పుల్లో కొడుకును కోల్పోయిన తల్లిదండ్రులు మొదలుపెట్టిన 'నో నొటోరియటీ' ఉద్యమం కోరేదీ అదే: పేరు, ఫోటో అవసరమైనంతవరకే వాడండి, వాడికి పేరు తెచ్చిపెట్టొద్దు.

వాషింగ్టన్ పోస్ట్ కథనాలకు పులిట్జర్ (పత్రికలకిచ్చే పెద్ద బహుమతి) వచ్చిందిగా, వాటిమీద కూడా కోపమేనా?

2023లో ఆ పత్రిక ఏఆర్-15 మీద వరసగా కథనాలు వేసింది. 2024లో జాతీయ రిపోర్టింగ్ విభాగంలో పులిట్జర్ వచ్చింది. అందులోని సర్వేను యజమానులు కూడా ఉదహరిస్తారు: అమెరికాలో ప్రతి 20 మంది పెద్దవాళ్ళలో ఒకరి దగ్గర ఏఆర్-15 ఉందని అది తేల్చింది. వాళ్ళ అభ్యంతరం తూటా పిల్లల శరీరంలో చేసే విధ్వంసాన్ని యానిమేషన్‌లో చూపడం మీద, ఘటనా స్థలాల ఫోటోలు వేయడం మీద. వేరే తుపాకీ తూటా గాయాలను అలా ఎప్పుడైనా చూపారా అని అడుగుతారు. యానిమేషన్‌కు ఆ కుటుంబాలు ఒప్పుకున్నాయి. తమ పిల్లలకు ఏం జరిగిందో దేశం చూడాలని తల్లిదండ్రులు కోరుకున్నాక, చూపించకూడదని మూడోవాళ్ళు అనడం నాకు సబబుగా తోచదు.

## వారాల తర్వాత: చట్టం, కోర్టు, దుకాణం

ఒకప్పుడు నిషేధించారట, మళ్ళీ ఎందుకు వదిలేశారు?

1994 సెప్టెంబరు 13న అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిషేధానికి పదేళ్ళ గడువు ఆ చట్టంలోనే ఉంది. 2004లో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) పొడిగించలేదు, అంతే. అప్పటికే జనం దగ్గర ఉన్నవాటిని ఆ చట్టం తాకలేదు. రాష్ట్రాల చట్టాలు వేరు: కాలిఫోర్నియాలో 1989 నుంచి ఉంది, న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్, మేరీలాండ్‌లలో ఉంది, 2023లో ఇల్లినాయ్, వాషింగ్టన్ రాష్ట్రాలు చేరాయి. టెక్సాస్‌లో లేదు.

వార్తలు వచ్చినకొద్దీ అమ్మకాలు పెరుగుతాయన్నది నిజమేనా?

నిజం. శాండీ హుక్ తర్వాత నిషేధం వస్తుందన్న మాట మొదలుకాగానే దుకాణాల్లో రైఫిళ్ళు ఖాళీ అయ్యాయి. 2012 డిసెంబరు ఒక్క నెలలో ఫెడరల్ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లు (తుపాకీ కొనేవాడి నేర చరిత్ర వాకబులు) 27 లక్షలు దాటాయి, అప్పటికి అదే రికార్డు. "ఇక దొరకదేమో" అన్న భయంతో మొదటిసారి కొన్నవాళ్ళు నాకు తెలిసినవాళ్ళలోనే ఉన్నారు.

కోర్టులు ఏమంటున్నాయి?

ఇంకా తేలలేదు. మేరీలాండ్ నిషేధం రాజ్యాంగబద్ధమేనని 2024 ఆగస్టులో ఫోర్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీలు కోర్టు చెప్పింది. ఆ కేసు వినడానికి సుప్రీంకోర్టు 2025 జూన్‌లో ఒప్పుకోలేదు. ఒకటి రెండు టర్ముల్లో (సుప్రీంకోర్టు ఏటా కూర్చునే కాలాల్లో) ఈ ప్రశ్నను తేల్చాలని జస్టిస్ కెవనా విడిగా రాశారు. అదే నెలలో మెక్సికో ప్రభుత్వం తుపాకీ కంపెనీల మీద వేసిన కేసులో జస్టిస్ కేగన్, ఏఆర్-15 దేశంలో అత్యంత ఆదరణ ఉన్న రైఫిల్ అని తీర్పులో రాశారు. ఉదారవాదిగా పేరున్న ఆమె కలం నుంచి వచ్చిన మాట కాబట్టి యజమానులు దాన్ని ఇప్పుడు ఎక్కువగా చూపిస్తున్నారు.

ఒక జడ్జి దీన్ని చాకుతో పోల్చాడని చదివాం. అలా ఎలా అంటారు?

2021 జూన్‌లో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి ఒకరు నిషేధాన్ని కొట్టేస్తూ, ఇంటి రక్షణకూ దేశ రక్షణకూ పనికొచ్చే స్విస్ ఆర్మీ నైఫ్ లాంటిదని తీర్పు మొదట్లోనే రాశారు. తీర్పు 94 పేజీలు. మర్నాడు వార్తలన్నీ ఆ ఒక్క వాక్యమే. మిగతా వాదన ఎవరూ చదవలేదని యజమానులు నొచ్చుకున్నారు. పిల్లల్ని పోగొట్టుకున్న ఊళ్ళున్న దేశంలో ఆ పోలికతో మొదలుపెట్టింది మాత్రం విలేకరి కాదు, జడ్జి.

## ఆ యజమానులు ఎవరు

ఇంతమంది ఎందుకు కొంటారు? పిస్టల్ చాలదా?

తుపాకీ ఉన్నవాళ్ళలో 72 శాతం మంది ఆత్మరక్షణను ముఖ్య కారణంగా చెప్పారని 2023లో ప్యూ అనే పరిశోధన సంస్థ సర్వే తేల్చింది. ఏఆర్-15 విషయంలో దానికి తోడు గురి సాధన, పోటీలు, టెక్సాస్ లాంటి చోట్ల పొలాలు పాడుచేసే అడవి పందుల వేట ఉన్నాయి. ఒహాయోలోని క్యాంప్ పెర్రీలో జరిగే జాతీయ పోటీల సర్వీస్ రైఫిల్ (సైన్యం తరహా రైఫిల్) విభాగంలో కనబడేవి ఎక్కువగా ఇవే. బరువు తక్కువ, తన్నడం తక్కువ, స్టాక్ పొడవు మార్చుకోవచ్చు కాబట్టి ఇంట్లో భార్యాభర్తలిద్దరూ వాడగలరు. 1990 నుంచి ఈ తరహావి 2 కోట్ల 44 లక్షలు జనంలోకి వెళ్ళాయని ఎన్‌ఎస్‌ఎస్‌ఎఫ్ 2022లో అంచనా వేసింది. అది పరిశ్రమ చెప్పిన అంకె అని గుర్తుంచుకోండి.

ప్రకటనల పాత్ర కూడా తక్కువది కాదు. శాండీ హుక్‌లో వాడిన బుష్‌మాస్టర్ రైఫిల్ ప్రకటనలు మగతనాన్ని రెచ్చగొట్టేలా ఉండేవి. ఆ కుటుంబాలు వేసిన కేసులో తయారీదారు రెమింగ్టన్ బీమా కంపెనీలు 2022 ఫిబ్రవరిలో 7 కోట్ల 30 లక్షల డాలర్లకు రాజీ కుదుర్చుకున్నాయి. పత్రికలు తమను ఒకే మూసలో పోసి చూపుతాయని బాధపడే యజమానులు ఆ ప్రకటనల మీద కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండాల్సింది.

ఈ రైఫిల్‌తో ప్రాణాలు కాపాడిన సంఘటనలు ఎందుకు రావు?

వస్తాయి, కానీ పక్కకు పోతాయి. సదర్లాండ్ స్ప్రింగ్స్‌లో 26 మంది మరణించిన రోజున, చర్చికి దగ్గర్లో ఉండే ఒకాయన తన ఏఆర్-15 తీసుకుని చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి హంతకుడి మీద కాల్పులు జరిపాడు. వాడు గాయపడి పారిపోయాడు. హంతకుడి రైఫిల్ రకం తెలిసినవాళ్ళలో చాలామందికి ఆపినవాడిదీ అదే రకమని తెలియదు. యజమానుల ఫిర్యాదుల్లో నాకు అన్నిటికంటే బరువైనదిగా అనిపించేది ఇదే.

వాళ్ళందరిదీ ఒకే మాటా?

అస్సలు కాదు. ప్రైవేటు అమ్మకాలకూ బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉండాలనేవాళ్ళు యజమానుల్లోనూ ఎక్కువమందే. 18 ఏళ్ళకే రైఫిల్ అమ్మడం తప్పని ఒకరంటే, ఓటు హక్కు ఉన్నవాడికి ఇది ఎందుకు ఉండకూడదని ఇంకొకరంటారు. వేటగాళ్ళలో పాతతరం కొందరికి ఏఆర్-15 అంటే ఇష్టమే లేదు. టీవీ చర్చకు వీళ్ళెవరినీ పిలవరు, సంఘాల ప్రతినిధులనే పిలుస్తారు.

## మన ఇళ్ళలో

మన తెలుగు ఛానెళ్ళు సరిగ్గానే చూపిస్తున్నాయా?

ఇంకా బాగా చూపించాలి. 2023 మే 6న డాలస్ దగ్గర అలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో ఒక తెలుగు అమ్మాయి ఉంది. అక్కడ వాడింది ఏఆర్-15 తరహా రైఫిలే. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేతలో జాత్యహంకారంతో ఒక తెలుగు ఇంజినీరును చంపింది పిస్టల్‌తో. గ్యాస్ స్టేషన్‌లో రాత్రి షిఫ్టు చేసే మన విద్యార్థికి ఎదురయ్యేదీ ఎక్కువగా పిస్టలే. అన్ని వార్తలకూ ఒకటే రైఫిల్ బొమ్మ, ఒకటే 'ఆటోమేటిక్ గన్' శీర్షిక పెడితే ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకు ఏ ప్రమాదం ఎక్కడుందో తెలియదు. తుపాకీ రకం పోలీసులు చెప్పాకే వేయండి, తెలియకపోతే తుపాకీ అని వదిలేయండి.

పక్కింటాయన దగ్గర ఈ రైఫిళ్ళున్నాయి. మాట్లాడాలంటే భయమేస్తోంది.

అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు. "ఎక్కడ తాళం వేసి పెడతారు, మా పిల్లలు మీ ఇంట్లో ఆడుకున్నప్పుడు బీరువా మూసే ఉంటుందా" అని నేరుగా అడగడం ఇక్కడ మర్యాద తక్కువేమీ కాదు. వార్తలో చూసిన మాటతో మొదలుపెట్టకుండా మీ పిల్లల సంగతితో మొదలుపెడితే జవాబు సూటిగా వస్తుంది.

మేం ఎఫ్-1, హెచ్-1బీ మీద ఉన్నాం. రేంజ్‌కి వెళ్ళి ఒకసారి కాల్చి చూడొచ్చా?

తొందరపడొద్దు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటాలు గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా దీని కిందికే వస్తుంది. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, వాటిలో ఎక్కువగా వాడేది అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకు ఈ నిషేధం లేదు. స్నేహితులు తీసుకెళ్తామన్నా, రేంజ్‌వాళ్ళు పట్టించుకోకపోయినా, కేసు పడితే వీసా మీది. ముందు ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి.